మావ నమ్మిన పట్టు

ఆ సాయంత్రం నేను నవ్వకుండా ఉండవలసింది. పోటీలు ఇంకా మొదలవలేదు. నరసన్నపేటలో నేను చదివిన కాలేజీ కబడ్డీ జట్టుకు కొత్త పిల్లలొచ్చారు. జట్టు ఏటా ఓడినా, గీత పక్కన నిలబడి సాధన చూసే మా మావ ఏటా అలాగే తొడ చరిచేవాడు.

"ఈ ఏడు సూడల్లుడా, ఈళ్ళ పట్టునుంచి ఒక్కడూ తప్పించుకోలేడు!"

"మేకపిల్లనైనా పడతారేటి మావా?" అని గట్టిగా నవ్వాను.

మూల కాసే కుర్రాడు విన్నాడు. ఆట వదిలి ఇంటికి వెళ్ళిపోయాడు.

మావ తిట్టలేదు. "నమ్మకపోతే మానీ. ఆడి సెవిన పడేటట్టు అనకు," అన్నాడు.

మర్నాడు ఆ కుర్రాణ్ణి బతిమాలి తీసుకొచ్చాను. లుంగీ ఎగ్గట్టి, వాడి మీదికి నేనే కూతకు వెళ్ళాను. వాడు చీలమండ దొరకబుచ్చుకున్నాడు. గీత అందక మట్టిలో బోర్లాపడి, అందరూ వినేలా ఔటని ఒప్పుకున్నాను.