అన్నయ్య అడిగిన పరీక్ష

హైటెక్ సిటీలో కొత్త కంపెనీలు వెలుస్తున్న రోజుల్లో మా అన్నయ్య ఫిల్మ్ నగర్‌లో సినిమాలకు డబ్బింగ్ చెప్పేవాడు. గంటకు రెండుసార్లు మూత్రానికి లేవాల్సి వచ్చేది. అలా లేస్తుంటే ఇంకొకరిని పిలుస్తారన్న భయంతో, రికార్డింగ్ ఉన్న రోజు పొద్దున్నుంచీ నీళ్లు ముట్టేవాడు కాదు.

"ఏంది సార్, గీ మైకు కన్నా బాత్‌రూమ్‌లనే ఎక్కువ ఉంటున్నరు!" అని సౌండ్ ఇంజనీరు ఏడిపించేవాడట.

ఓ రోజు అన్నయ్య అది నవ్వుతూ నాకు చెప్పి, "ఒరే, మావాడి సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగుల తల్లిదండ్రులకు పరీక్షలు చేయిస్తోందట. ప్రోస్టేట్‌కి రక్తపరీక్ష కూడా ఉందట. చేయించుకోమంటావా?" అన్నాడు.

"అరవై దాటాక అందరికీ ఉండేదేలే అన్నయ్యా" అన్నాను.

తాయెత్తు కట్టుకున్నవాణ్ణి రుజువేదని హేతువాద సభల్లో నిలదీసేవాణ్ణి నేను. నా మాటకు మాత్రం ఏ రుజువూ లేదు. అన్నయ్యతో మూత్రం సంగతి మాట్లాడటానికి సిగ్గుపడి ఆ మాట అనేశాను.

రెండేళ్ల తర్వాత అన్నయ్యకు నడుం నొప్పని ఆసుపత్రికి వెళితే, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందన్నారు. ముందే పట్టుకుని ఉంటే నయమయ్యే అవకాశం బాగా ఉండేదని డాక్టరు చెబుతుంటే తలెత్తలేకపోయాను.

బయటికొచ్చాక అన్నయ్య నా భుజం పట్టుకుని, "నీకేం తెలుసురా, నువ్వేమన్నా డాక్టరువా?" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు.

నాకు తెలియదని అడిగిన రోజే నేను ఒప్పుకుని ఉంటే, అన్నయ్య పరీక్షకు వెళ్లేవాడు.