మెడ విరిచిన చెయ్యి

కటింగ్ షాపాయన కూర్చుంటే నిక్షేపంగా ఉంటాడు. నడిస్తే కాస్త ఆయాసం. వెల్లకిలా పడుకున్నాడా, గుండెల మీద రోలు పెట్టినట్టు ఊపిరాడదు. ఇదేం వింత జబ్బో అంతుపట్టక మూడు దిండ్లు ఎత్తుకు పెట్టుకుని నెల్లాళ్లు నెట్టుకొచ్చాడు.

"తిన్నది అరక్క" అంది భార్య. "పొట్ట పెరిగి" అన్నాడు పక్క కుర్చీ దగ్గర పనిచేసే బామ్మర్ది. గుండేమోనని ఆయన లోలోపల హడలిపోయాడు. తీరా చూపిస్తే గుండె గుండ్రాయిలా ఉందన్నారు. ఎక్స్‌రేలో మాత్రం ఎడమ ఊపిరితిత్తి కింద ఏదో పైకి తన్నుకొచ్చి ఉంది.

డాక్టరమ్మ ఆయన్ని లోపలి కదలికలు తెర మీద చూపించే ఎక్స్‌రే ముందు నిలబెట్టి, "నోరు మూసుకుని ముక్కుతో గబుక్కున ఎగబీల్చండి" అంది. ఎగబీల్చాడు. తెర మీద ఒక పక్క కిందికి దిగింది, రెండో పక్క పైకెక్కింది.

"రెండూ దిగాలి. ఊపిరి లాగే కండరం ఇదే. పక్కటెముకల కింద గొడుగులా ఉంటుంది. ఎడమ సగం పడిపోయింది."

"పక్షవాతమా తల్లీ? కాలూ చెయ్యీ ఆడుతున్నాయిగా!"

"దీనికొక్కదానికే. దీన్ని ఆడించే నరం మెడలోంచి దిగుతుంది. ఛాతీ ఆపరేషనేమైనా అయిందా? దెబ్బ తగిలిందా? మెడ మీద పొక్కులు లేచాయా?"

అన్నిటికీ అడ్డంగా తలూపాడు. స్కాన్‌లో గడ్డలేవీ లేవు. కూర్చోబెట్టి ఓసారి, పడుకోబెట్టి ఓసారి గొట్టంలోకి ఊదించారు. పడుకుంటే ఊపిరి బాగా తగ్గిపోయింది.

"మెడ ఎవరైనా గట్టిగా తిప్పారా?"

ఆయన తోడొచ్చిన బామ్మర్ది వైపు చూశాడు. బామ్మర్ది నేల వైపు చూశాడు. పదిహేనేళ్లుగా షాపు మూసేముందు ఒకరి మెడ ఒకరు టక్కుమనిపించుకోనిదే వాళ్లకు రోజు ముగిసినట్టుండదు.

"అయితే అదేనా కారణం?" అన్నాడాయన.

"కావచ్చు, కాకపోవచ్చు. చాలామందిలో కారణమే దొరకదు. కొందరికి నెలల మీద దానంతటదే తగ్గుతుంది కూడా. మెడ మాత్రం ఇక తిప్పించుకోకండి."

అవునూ కాదు, కాదూ కాదు. ఇద్దరూ ఇల్లు చేరారు.

మర్నాడు షాపులో చూస్తే బామ్మర్ది కత్తెరలన్నీ డబ్బాలో సర్దేస్తున్నాడు. "నీ మొహం ఎలా చూడను బావా? అక్క మొహం ఎలా చూడను?"

కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీదో ఆయనకు తెలియలేదు. వీడు వెళ్లిపోతే ఈ ఆయాసంతో షాపు నడిచేనా? పదిహేనేళ్ల తోడు మళ్లీ దొరికేనా?

"ఒరేయ్, నీ మెడ నేను విరవలేదా? ఆ లెక్కన నీకూ రావాలిగా!"

"నాకు రాలేదు కదా బావా."

"అదే నాకూ అర్థం కావట్లేదు!"

కాసేపు గెడ్డం గోక్కుని, వెళ్లి బామ్మర్ది కుర్చీలోనే కూలబడి తువ్వాలు కప్పుకున్నాడు. "జుట్టు చెవుల మీదకొచ్చింది. కానియ్."

"నా చేత్తోనా?"

"మరి నా జుట్టు నేనే కత్తిరించుకోనా? తల నీకప్పగిస్తున్నా. మెడ జోలికి రాకు."

డబ్బా మూత తెరుచుకుంది. కత్తిరింపు అయ్యాక అలవాటు కొద్దీ బామ్మర్ది చేతులు రెండూ బావ గెడ్డం కిందికి వెళ్లి, నిప్పు తాకినట్టు వెనక్కొచ్చాయి. ఇక వాటినెక్కడ పెట్టుకోవాలో తోచక, దులపడానికి ఒక్క వెంట్రుక మిగలకపోయినా, బావ భుజాలు దులుపుతూనే ఉన్నాడు.