నాడె ఆగిన చోటు

మొన్న మధ్యాహ్నం వరండాలో కూర్చుని ఒక నాటిక పైకి చదువుతున్నాను. కాలేజీ పిల్లలు తాము ఆడడానికి పనికొస్తుందో లేదో చూసి చెప్పమని పంపించారు. పక్కింటి యాదమ్మ కుట్టుమిషను టకటకమని కొట్టుకుంటూనే ఉంది. మూడో పేజీ మధ్యలో అది ఠక్కున ఆగింది. నేనూ ఆగాను. దారం తెగిందేమో అనుకుంటారు మీరు. నేను మాత్రం పెన్సిలు తీసి ఆ వాక్యం పక్కన గీత గీశాను. అలా గీత గీయడం నాకు నేర్పిన మనిషికి అక్షరం ముక్క రాదు. ఆమె పేరు లచ్చువమ్మ.

నిజాం పాలన చివరి ఏళ్లలో నేను నల్లగొండలో ఒక దఫ్తరులో గుమస్తాను. పగలంతా ఉర్దూలో నకళ్లు రాసి, సాయంత్రం కాగానే గ్రంథాలయానికి పరుగెత్తేవాణ్ణి. గ్రంథాలయమంటే ఏదో అనుకునేరు, నేతగాళ్ల వాడలో ఒక ముందు గది, అంతే. వెనక గదిలో ఇంటామె లచ్చువమ్మ మగ్గం ఉండేది. మేం ఐదుగురం అక్కడ చేరేవాళ్లం. నాటకాల పిచ్చి నిండా ఉంది గాని ఆడడానికి నాటకం లేదు. బెజవాడ వెళ్లే ప్రతివాడినీ బతిమాలి పుస్తకాలు తెప్పించేవాళ్లం. తీరా తెరిచి చూస్తే పద్నాలుగు పాత్రలు, మూడు అంతఃపురాలు, తెల్లవారిందాకా పద్యాలు! మాలో ఆడవేషానికి ఒప్పుకున్నవాడు ఒక్కడే, వాడికీ మీసం తీయడం ఇష్టం లేదు.

అంతకు ముందేడు ఒక రాజు కథ ఆడితే, రాజు అడవికి పోకముందే జనం ఇళ్లకు పోయారు. ఆ దెబ్బతో గ్రంథాలయం పెద్దాయన తేల్చి చెప్పేశాడు: "ఈసారి గూడ జనం లేచిపోతే ఇగ నాటకం పేరు ఎత్తొద్దు. సూస్కోండ్రి మరి." పైగా వార్షికోత్సవానికి పోలీసు అమీన్ సాబు ఇచ్చిన ఇజాజతు, అంటే అనుమతి, ఒక్క గంటకే. అదీ దీపాలు పెట్టే వేళకు ముందే ముగించాలని షరతు. చేతిలో మూడు వారాలున్నాయి. గంటలో అయిపోయే నాటిక, జనం కూర్చుని చూసే నాటిక, ఎక్కడ దొరుకుతుంది?

ఉన్న పుస్తకాలన్నీ వరసగా పైకి చదవడం మొదలుపెట్టాం. మూడో రోజు గోడ అవతలి నుంచి లచ్చువమ్మ గొంతు వినిపించింది.

"ఏం బిడ్డా, గా రాజు మూడొద్దుల సంది ఏడుస్తనే ఉన్నడు. నా నాడె ఒక్కసారన్న ఆగలే!"

మావాళ్లు పగలబడి నవ్వారు. నాకు మాత్రం అదేమిటో తెలుసుకోవాలనిపించింది. లోపలికి వెళ్లాను. ఆమె మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, పడుగు దారాల మధ్య అటూ ఇటూ నూలు కండె పెట్టిన నాడె విసురుతోంది.

"నాడె ఆగుడేంది అవ్వా?"

"చేతులకు గూడ చెవులుంటయి బిడ్డా. మనసుకు పట్టే మాట ఇంటె ఆగుతయి. లేకుంటె వాటి పని అవి చేసుకుంటయి."

మర్నాటి నుంచి మగ్గం పక్కనే కూర్చుని చదివాను. నాడె ఆగిన చోటల్లా గీత గీశాను. పన్నెండు పుస్తకాలు చదివితే వచ్చినవి నాలుగే గీతలు. చప్పట్లు మోగిపోతాయనుకున్న పద్యాల దగ్గర ఆమె చెయ్యి చకచకా సాగిపోయేది. ఒక వంటవాడు కూరలో ఉప్పు మరిచానని నెత్తి కొట్టుకునే చిన్న మాట దగ్గర ఆగింది. ఎందుకని అడిగితే "ఏమో, ఆగింది" అనేది. ఆ ఏమోలో ఏముందో నాకు అంతుపట్టేది కాదు.

నాలుగు గీతలతో నాటిక కాదు కదా! చివరికి నేనే ఒకటి రాశాను. నిండు సభలో కన్నతండ్రిని చూపించి ఎవరో తెలియదన్న రాజకుమారుడి కథ. నేను రాసిందని చెప్పలేదు, బెజవాడ పుస్తకమని దబాయించాను. గంటసేపు గొంతు చించుకుని చదివాను. నాడె ఆగితే ఒట్టు!

"గా పోరడు తండ్రిని ఎవలో ఎరుక లేదని ఎందుకన్నడు?" అంది లచ్చువమ్మ, చెయ్యి ఆపకుండానే.

"సిగ్గయి."

"నీకెట్ల ఎరుక?"

ఎలా వచ్చిందో గాని, నిజం బయటికి వచ్చేసింది.

"పోయిన ఎండకాలం మా బాపు దఫ్తరుకొచ్చిండవ్వా. పానగల్ అవతల మా ఊర్నుంచి నడుసుకుంట వచ్చిండు. గోసి కట్టుకున్నడు, కాళ్లకు చెప్పుల్లేవు, చేతిల జొన్నరొట్టెల మూట. ఎవరని పెద్ద గుమస్తా అడిగితే, మా ఊరాయన అన్న. బాపు ఇన్నడు. మూట బల్ల మీద పెట్టి, 'మీ అమ్మ ఇచ్చింది దొరా' అన్నడు. నన్ను పట్టుకొని దొరా అన్నడవ్వా!"

మగ్గం ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

"మరి రొట్టెలు?"

"బల్ల కింద దాసిన. తినలే."

ఆమె నాడె పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "గిదే ఆడుండ్రి" అంది.

"నలుగుట్ల నా పరువు పోతదవ్వా!"

"పోయింది నీది గాదు, మీ బాపు పరువు. తీసినోనివి నువ్వే, తెచ్చియ్యి."

కిరీటాలు మళ్లీ పెట్టెలోకి పోయాయి. నలుగురే పాత్రధారులు, ఒక బల్ల, ఒక మూట. ఆడపాత్ర లేదు కనుక మావాడి మీసం బతికిపోయింది. జరిగింది జరిగినట్టు మా ఊరి మాటల్లోనే రాశాను. రొట్టెలు దాచిన ముక్క రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. మూట బల్ల మీద పెట్టి తండ్రి వెళ్లిపోవడంతో తెర వేసేశాను. తర్వాత ఊరికి వెళ్లి, నాటకం ఉంది రమ్మని బాపును పిలిచాను. ఏం నాటకమో చెప్పలేదు.

ఆ సాయంత్రం బాపు ముందు వరసలో చాప మీద కూర్చున్నాడు. పక్కనే లచ్చువమ్మ, చిక్కుపడ్డ నూలు ఒళ్లో వేసుకుని విడదీస్తూ కూర్చుంది. వెనకాల మా పెద్ద గుమస్తా కూడా ఉన్నాడు. కొడుకు వేషం నాదే. "మా ఊరాయన" అనే మాట వచ్చింది. ఎలాగో అన్నాను. బాపు ముఖం చూసే ధైర్యం లేక లచ్చువమ్మ చేతుల వైపు చూశాను. అవి ఆగిపోయి ఉన్నాయి. ఆఖరి మాట దాకా ఒక్కరూ చాప మీది నుంచి లేవలేదు.

అయిపోయాక బాపు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. లచ్చువమ్మ అక్కడే కూర్చుని మళ్లీ చిక్కు తీసుకుంటోంది.

"గంతగనం మనసుల పెట్టుకున్నవా బిడ్డా? గది సరే గని, ఆనాడు రొట్టెలు తిన్నవా?"

'తిన్న' అనే అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. లచ్చువమ్మ వేళ్లు నూలులో కదులుతూనే ఉన్నాయి. వాటినే చూస్తూ అన్నాను.

"తినలే బాపూ. బల్ల కింద దాసిన."

వేళ్లు ఆగాయి. బాపు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ అమ్మకు మాత్రం చెప్పకు. కడుపు నిండ తిన్నవని చెప్పిన నేను."

ఆ తర్వాత ఎన్నో నాటికలు రాశాను, ఎందరికో వెతికి పెట్టాను. చిన్న నాటికలు ఎక్కడ దొరుకుతాయని ఎవరడిగినా, చేతిలో పని ఉన్న మనిషి పక్కన కూర్చుని చదవమని చెబుతాను. రాసేటప్పుడు నా చెయ్యి రాయనని మొండికేసిన ముక్క ఏదైనా ఉంటే, ఇప్పుడు దాన్నే ముందు రాస్తాను.

మొన్న గీత గీసి ఇంకా పేజీ తిప్పలేదు, గోడ మీదుగా యాదమ్మ తల కనిపించింది.

"ఆపినవేంది తాతా? తర్వాత ఏమైంది?"

మిషను మీద గుడ్డ అలాగే సగం కుట్టి ఉంది. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదవడం మొదలుపెట్టాను.