పసుపు మూలల చీటీలు

మా అమ్మాయి పెళ్ళికి ప్రెస్సు నుంచి వచ్చిన పత్రికల మూలలకు పసుపు రాస్తుంటే, తడి పసుపూ కొత్త అట్టా కలిసిన ఆ వాసనకు నా చెయ్యి ఆగిపోయింది. మా నాయన బతికి ఉన్నన్నాళ్ళూ ఆయనకు చెప్పని మాట ఒకటుంది. కమలక్క నాకు ఇంగ్లీషు నేర్పింది. బాగా నేర్పింది. నేర్పలేదని వీధంతా నమ్మడానికి కారణం నేను.

డెబ్బైలలో బెంగుళూరు పేటలో మా ఇల్లు, కింద దుకాణం, పైన కాపురం. మెట్లెక్కుతుంటేనే ధనియాలు, ఎండుమిర్చి, బెల్లం వాసనలు ముక్కుకు తగిలేవి. ఉగాదికి ముందు ఏ ఇంటి ముందు నిలబడినా ఒబ్బట్ల నెయ్యి, కార్తీకంలో పరస జాతరకు పోయొచ్చినవాళ్ళ సంచుల్లో పచ్చి వేరుశనగ కాయల మట్టివాసన, వేసవి సాయంత్రాల్లో మల్లెపూలవాళ్ళ కేకలు, ఆ కేకల మధ్య రాతిబండల మీద గిర్రున తిరిగే మా బుగరీలు. బొంగరాన్ని మేం కన్నడంలోనే పిలిచేవాళ్ళం.

పక్కింటి కమలక్క టీచరు ట్రైనింగు ముగించి, ఉద్యోగం దొరక్క ఇంట్లోనే ట్యూషను పెట్టుకుంది. అది నిలదొక్కుకోకపోతే కాడుగోడిలో అన్న పంచన చేరాల్సి వస్తుందని మా అమ్మ దగ్గర అనేది. పాత పెళ్ళిపత్రికలను చీటీలుగా కత్తిరించి, తెల్లగా ఉన్న వెనకవైపు ఒక్కో ఇంగ్లీషు మాట రాసేది. ఎవరెవరి పెళ్ళిళ్ళ పసుపో మా వేళ్ళకు అంటుకునేది. ద, ఆఫ్, అండ్, ఫ్రమ్, విత్, అన్నీ చిన్న చిన్న మాటలే. పుస్తకాల్లో ఎక్కువసార్లు కనబడే మాటలను వరుసగా పేర్చిన జాబితా ఒకటి ఆమెకు ట్రైనింగులో ఇచ్చారట.

“ఏ కాగితం తీసినా ఇవే మళ్ళా మళ్ళా వస్తాయప్పా. ముందు వీటితో సావాసం చెయ్యి, మిగతావాటిని ఇవే పిలుచుకొస్తాయి” అనేది.

కొన్నాళ్ళకు, మా దుకాణంలో పొట్లం కట్టే పాత ఇంగ్లీషు పేపరు ముక్కలో ఒక వాక్యం మొదటి నుంచి చివరిదాకా నాకు తెలిసిపోయింది. ఆ సంతోషం ఇంట్లో చెప్పలేదు. చెబితే ఇంకో గంట చదవమంటారని భయం.

మా నాయన మాటనైనా సరుకులాగే చేతిలో బరువు చూసేవాడు. ఒక సాయంత్రం చక్కెరకు వచ్చిన కమలక్క ముందే నన్ను పిలిచాడు.

“ధనియాలకు ఇంగ్లీషులో ఏమంటారురా?”

తెలియదు.

“జీలకర్రకు? పోనీ, ఇంగువకు?”

అవీ తెలియవు.

“ఏమ్మా కమలా, ఇన్ని నెల్లు నేర్పితే ఆఫూ, ఫ్రమ్మూనా? రేపు వీడు గల్లాలో కూచోని గిరాకీకి విత్తు తూచి ఇయ్యల్లనా?”

సరుకులకొచ్చినవాళ్ళు నవ్వారు. కమలక్క నవ్వలేదు.

“అన్నా, ఆ పొట్లం కాగితం వాడికియ్యండి. చదువుతాడు.”

కాగితం నా చేతికొచ్చింది. దాదాపు ప్రతి మాటా తెలిసినదే. బయట నా జతగాడు జగ్గడు బుగరీకి దారం చుడుతూ నాకోసం కాచుకున్నాడు. ట్యూషను మాన్పిస్తే సాయంత్రాలన్నీ నావే.

“నాకు రాదు నాయనా” అన్నాను.

ఆమె నన్ను ఒక్క చూపు చూసి, చక్కెర పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది. శెట్టిగారబ్బాయికే ఏమీ రాలేదట అంటూ తక్కిన పిల్లలనూ మాన్పించారు. దసరా బొమ్మలు ఎత్తేలోపు పక్కింటికి తాళం పడింది. నేను మాత్రం ఆ చిన్న మాటలు పట్టుకునే చదువు దాటాను, ఉద్యోగం దాటాను. ధనియాల పేరు ఎప్పుడో దారిలో దొరికింది.

ఇప్పుడు మా వీధిలో కాగితం పొట్లాలూ లేవు, రాతిబండలూ లేవు. పెళ్ళి పిలుపులూ ఫోనులోనే. అయినా మొన్న పత్రిక పట్టుకుని కాడుగోడి వెళ్ళాను. అన్న కొడుకు ఇంట్లో, కిటికీ పక్కన మంచం మీద ఉంది కమలక్క. పత్రికను ముందు వాసన చూసింది, తర్వాత చదివింది.

“అక్కా, ఆ పొద్దు ఆ కాగితం చదివేకి నాకు వస్తా ఉండె” అన్నాను.

“తెలుసప్పా. నీ పెదాలు కదుల్తా ఉండె. అబద్ధమని చెప్తే మీ నాయన నీ తోలు వలిచేస్తాడని ఊరకుంటి.”

ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

“నీ ట్యూషను పోగొట్టింది నేనే అక్కా. తప్పు చేసినా. నన్ను క్షమించు.”