పుర్రెకు బంతిపూలు

ఒక్క బొమ్మకు అర్థం చెప్పబోయి కాలేజీ మొత్తాన్ని ముంచబోయిన ఘనుణ్ణి నేను. చదివాక నవ్వుకోండి గానీ, చోడవరం బస్టాండులో కనిపిస్తే మాత్రం గుర్తుపట్టకండి.

అప్పటికి నేను చోడవరంలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌గా చేరి మూడు నెలలు. సోమవారం తనిఖీ కమిటీ వస్తుందనగా ప్రిన్సిపాల్ గారు రిఫరెన్సు బీరువా ముందు నిలబడి గుండె పట్టుకున్నారు.

"ఏటి బాబూ ఇది? ఇలా బోసిగా ఉంటే కాలేజీ ఉంచుతారేటి? లావుపాటి పుస్తకాలు తే!"

లావు ఒక్కటే నా చెవికెక్కింది. విశాఖ వెళ్లి, కొట్టులో అన్నిటికన్నా లావుగా ఉన్న ఎనిమిది సంపుటాలు తెచ్చాను. అట్టల మీద 'మెక్సికో' అని కనబడింది. చరిత్ర, సంస్కృతి అని కొట్టతను చెప్పాడు. చాలదూ!

సోమవారం పొద్దున్న వాటిని సర్దుతూ ఒకటి తెరిచాను. అక్షరాలు ఇంగ్లీషువే, మాటలు మాత్రం ఒక్కటీ ఇంగ్లీషు కాదు. ఎనిమిదీ అంతే. మెక్సికోలో మాట్లాడేది స్పానిష్ అని అప్పుడు గుర్తొచ్చింది. ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తాను.

"సార్, ఇవి స్పానిష్‌లో ఉన్నాయండి!"

"ఊరుకోవయ్యా, ఎవుడు సూస్తాడు? కమిటీవోళ్లు పక్కనే గోవాడ దాటీసేరట, వచ్చేస్తన్నారు. అడిగితే, 'పిల్లలకి నేనే అర్థం సెప్తన్నాను' అను!"

కమిటీలో ఒక పెద్దావిడ నేరుగా ఆ బీరువా దగ్గరికే వచ్చారు. నా చొక్కా అప్పుడే ఉతికి పిండకుండా తొడుక్కున్నట్టుంది.

"ఇవెవరు చదువుతారు?"

"పిల్లలు మేడమ్. అర్థం నేను చెబుతుంటాను."

ఆవిడ ఒక పేజీ తెరిచారు. పళ్లికిలిస్తున్న పుర్రెలు వరసగా ఉన్నాయి. "ఇదేమిటో చెప్పండి."

నోరు నా మాట వినలేదు. "వాళ్ల వైద్య కళాశాలల చరిత్ర మేడమ్."

"మరి పుర్రెలకు బంతిపూలెందుకు?"

"ఫైనలియర్ వాళ్ల ఫేర్‌వెల్ పార్టీ మేడమ్."

వెనకాల ప్రిన్సిపాల్ గారు కుర్చీ కోసం తడుముకుంటున్నారు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చనిపోయిన పెద్దల్ని పిలిచి, వాళ్లకిష్టమైనవి వండిపెట్టే పండగ నాయనా. మనం పెద్దలకు పెట్టుకుంటామే, అలాంటిదే. నేను స్పానిష్ మూడేళ్లు నేర్చుకున్నాను."

కాలేజీ పోయింది, నా ఉద్యోగమూ పోయింది అనుకున్నాను. రిపోర్టు వచ్చే దాకా పదిరోజులు నాకు అన్నం దిగలేదు. వచ్చాక ప్రిన్సిపాల్ గారు పైకి చదివారు:

"అనుమతి కొనసాగించవచ్చు. రిఫరెన్సు గ్రంథాలు అమోఘం. లైబ్రేరియన్‌కు చదవడం వస్తే ఇంకా బాగుండును."

ఆ కాగితం మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఇకపై ఈ జన్మలో తెలియని బొమ్మకు అర్థం చెప్పను. చెప్పక తప్పదంటే, ఎదుటివారికి ఎన్ని భాషలు వచ్చో ముందు అడుగుతాను.