మూడు పనుల నూరియా

షెఫీల్డ్‌లో మా యెమెన్ వాళ్ల వీధిలో నూరియాలు ముగ్గురు. ఒకామెది కొట్టు, ఇంకొకామెకి కాలు వంకర. మూడో ఆమెకి ‘మూడు పనుల నూరియా’ అని పేరు పెట్టింది నా భార్య సయీదా. ఆ పేరే స్థిరపడింది. నేను చెప్పేది ఆ మూడో నూరియా గురించి.

పొద్దున్నే ఆఫీసులు తుడిచేది. మధ్యాహ్నం ఒక బడి వంటగదిలో పిల్లలకి వడ్డించేది. సాయంత్రం మా లాండ్రీకొచ్చి హోటళ్ల దుప్పట్లు మడిచేది. ఒక్కచోట రోజంతా పని ఎవరూ ఇవ్వలేదు. అందరూ రెండు గంటలు, మూడు గంటల ముక్కలే ఇచ్చారు. ఆ ముక్కలన్నీ కలిపితేనే ఆమె మొగుడు వస్తాడు.

మొగుడి పేరు అబ్దుల్ వాసె. యెమెన్‌లో ఇబ్ వైపు వాడు, దర్జీ. పెళ్లి కైరోలో అయింది, అతను అక్కడే ఆగి ఎదురుచూస్తున్నాడు. అతన్ని వీసా మీద ఇక్కడికి తెచ్చుకోవాలంటే ఏడాదికి పద్దెనిమిది వేల ఆరు వందల పౌండ్ల సంపాదన సర్కారుకి చూపించాలి. మూడు పనులైనా పరవాలేదు గానీ మూడింటికీ వరుసగా ఆరు నెలల జీతం స్లిప్పులుండాలి, ఆ డబ్బంతా బ్యాంకులో కనిపించాలి. నూరియా ఆ స్లిప్పుల్ని హోటల్ వాళ్లు పారేసిన ఒక దిండు గలీబులో దాచేది.

నేను పద్నాలుగేళ్లకి మా నాన్న వెంట ఈ ఊరొచ్చాను. బడి మధ్యలోనే వదిలేశాను. ఈ లాండ్రీలో తడిబట్టల బళ్లు తోయడం మొదలుపెట్టి ముప్పై ఆరేళ్లయింది. పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. బళ్లు ఖాళీ అయ్యాక రెండో కొస నేను పట్టుకునేవాణ్ణి.

“ఏమ్మా, దిండు గలీబుతోనే కాపురం చేస్తున్నావంట” అనేవాణ్ణి.

“నీకు పిన్ని ఊరికే దొరికింది బాబాయ్. నీకేం తెలుస్తుంది విలువ” అనేది.

“ఊరికేనా? మీ పిన్ని తెల్లారి లేచింది మొదలు పెట్టే చివాట్లకి ఏ స్లిప్పూ ఇవ్వరు.”

“ఇచ్చుంటే ఈపాటికి నువ్వు లక్షాధికారివి.”

దుప్పటి మడతలో ముఖం దాచుకుని నవ్వేది.

ఆమెకి నాలుగో పని కూడా ఉంది. దానికి జీతం లేదు. మా ఆడవాళ్లలో ఎవరైనా పోతే మసీదు వెనక గదిలో ఒంటికి స్నానం చేయించి, కఫన్ గుడ్డ చుట్టేది నూరియానే. వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. అందుకు ఎవరి దగ్గరా పైసా తీసుకోదు, ఆ ఇంట్లో టీ కూడా తాగదు. ఆ పని తెలిసినవాళ్లు మా దగ్గర ఇంకో ఇద్దరే ఉండేవాళ్లు.

ఆ ఏడు కొత్త సంవత్సరం రాగానే ఒక వార్త వచ్చింది. ఏప్రిల్ పదకొండు నుంచి పద్దెనిమిది వేలు కాదు, ఇరవై తొమ్మిది వేలు చూపించాలని. పదో తేదీ లోపు కాగితాలు పెట్టినవాళ్లకి పాత లెక్కే. నూరియాకి అక్టోబరు నుంచి స్లిప్పులున్నాయి. మార్చి స్లిప్పులు మూడూ వస్తే ఆరు నెలలు నిండుతాయి. ఆఫీసుల వాళ్లూ బడి వాళ్లూ లాండ్రీ వాళ్లూ ముగ్గురూ మార్చి లెక్క ఇరవై రెండో తేదీతో మూసేస్తారు. ఆమె వీసా కాగితాలు చూసే వకీలు అంతా కూడి చూశాడు.

“సరిపోతుంది. కానీ కావాల్సినదానికి పైన పద్నాలుగు పౌండ్లే మిగులుతున్నాయి. ఒక్క పూట కూడా మానకమ్మా” అన్నాడు.

జీతం ఇచ్చే సెలవులన్నీ అంతకుముందే కైరో వెళ్లినప్పుడు అయిపోయాయి. ఆ ఫిబ్రవరిలో నూరియా దగ్గుతూనే పనికొచ్చింది. మా సూపర్‌వైజర్ బెరిల్ ఇంటికి పొమ్మని కసిరితే, “నువ్వే మా ఆయన్ని ఇక్కడికి మోసుకొస్తావా?” అని అడిగింది. ఆ ముసలామె వెళ్లి దగ్గు బిళ్లలు తెచ్చిచ్చింది.

అప్పటికే సయీదా కాలేయం చెడిపోయి ఆస్పత్రిలో ఉంది. మార్చిలో రంజాన్ వచ్చింది. సాయంత్రం పని అయ్యాక నూరియా ఇఫ్తార్‌కి ఏదో ఒకటి పట్టుకుని వచ్చేది. సయీదా తినలేకపోయేది గానీ ఆమె చెయ్యి పట్టుకుని, “వాడొచ్చాక నాకు గౌను కుట్టమను. బాగా వదులుగా. ఆస్పత్రి వాళ్లు ఇచ్చింది దొంగలకి తొడిగేదిలా ఉంది” అనేది.

మార్చి ఇరవై రెండు, శుక్రవారం, తెల్లవారకముందే సయీదా పోయింది.

ఆరింటికి ఇమాముకి ఫోన్ చేశాను. జుమా నమాజు తర్వాతే ఖననం చేసేద్దాం అన్నాడు. ఆ తర్వాత స్నానం సంగతెత్తాడు.

“ముక్బిల్, స్నానం చేయించడం తెలిసిన ఇద్దరు పెద్దమ్మలూ ఉమ్రా యాత్రకి మక్కా వెళ్లారు. నూరియా ఒక్కతే ఉంది, ఆమెకి పనులుంటాయి. నువ్వే చేయించొచ్చు. భర్తకి అనుమతి ఉంది. పక్కన నేను నిలబడి ఒక్కొక్కటీ చెప్తాను.”

“అది ఆడవాళ్ల పని కదా” అన్నాను.

“ఊళ్లో అలా అంటారు. మతంలో లేదు. నువ్వు ఆలోచించుకో.”

ఆలోచించుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్లు నా బట్టలుతికిన మనిషి. ఆమె ఒంటి మీద నీళ్లు పోయాలంటే నాకు చేతులాడవని అనిపించింది. ఆ రోజు తారీఖెంతో నాకు తెలుసు. వారం రోజులుగా లాండ్రీలో ఆ తారీఖు తప్ప ఇంకో మాట లేదు. అయినా నూరియాకి ఫోన్ చేశాను.

“బస్సెక్కబోతున్నా బాబాయ్. పిన్నికెలా ఉంది?”

“పోయిందమ్మా.”

బస్సు తలుపులు మూసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత బస్సు వెళ్లిపోయిన చప్పుడు.

“స్నానానికి ఎవరూ లేరమ్మా” అన్నాను.

“నేనున్నాగా. వస్తున్నా” అంది.

ఆస్పత్రి కాగితాలు తెమిలేసరికి పది దాటింది. ఆమె మసీదు మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తూ ఉంది. సయీదాకి స్నానం చేయించి, కఫన్ చుట్టి బయటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. చేతులు తడిగా ఉన్నాయి. నా అరచేతిలో సయీదా ఉంగరం పెట్టింది.

“సబ్బు రాసి తీశాను బాబాయ్. నొప్పి తెలీకుండానే తీశాను” అంది.

ఆఫీసుల పనీ బడి పనీ రెండూ పోయాయి. మేం స్మశానంలో ఉండగా ఆమె లాండ్రీకి వెళ్లి సాయంత్రం పని చేసిందని తర్వాత తెలిసింది. ఆ రోజు రెండో కొస ఎవరు పట్టుకున్నారో అడగలేదు.

మార్చి స్లిప్పులొచ్చాయి. ముప్పై మూడు పౌండ్లు తక్కువ.

ముప్పై మూడు పౌండ్లు అప్పుడు నా జేబులోనే ఉన్నాయి. వీధిలో ఎవరినడిగినా ఇస్తారు. కానీ ఇచ్చిన డబ్బు పనికిరాదు, జీతమే కావాలి. బెరిల్ దగ్గరికెళ్లి నా గంటల్లోంచి నాలుగు ఆమె పేరు మీద రాయమని బతిమాలాను.

“శుక్రవారంతో మూసేశాం ముక్బిల్. తెరిచున్నా రాయను. అలా రాసింది పట్టుకుంటే ఆ పిల్ల మొగుడు ఇక ఎప్పటికీ రాలేడు” అంది. అన్నాక బాత్రూంలోకెళ్లి చాలాసేపు రాలేదు.

వకీలు ఇంకో నెల ఆగితే సరిపోయేదన్నాడు. ఆ ఇంకో నెలే లేదు. ఏప్రిల్ పదిన పండగ. పిల్లలు కొత్త బట్టల్లో ఇల్లిల్లూ తిరుగుతున్నారు. నూరియా తలుపు తీయలేదు.

తర్వాత ఆమె ఒక వృద్ధాశ్రమంలో శని, ఆదివారాలు కూడా పని పట్టింది. అయినా ఇరవై తొమ్మిది వేలు ఎక్కడ, ఆమె ఎక్కడ. కైరోలో అబ్దుల్ వాసె అద్దెకి ఆమే పంపేది. అతనూ పాపం రాత్రనకా పగలనకా మిషను తొక్కాడు. చలికాలం రాకముందే అక్కడ ఉండే గడువు అయిపోయి, ఇబ్‌కి తిరిగి వెళ్లిపోయాడు. ఫోన్లు వారానికొకటయ్యాయి, ఆ తర్వాత నెలకొకటి. మరుసటి ఎండాకాలం, వాళ్లమ్మ అతనికి అక్కడే ఇంకో పిల్లని చూసి పెళ్లి చేసిందని మా వీధికి తెలిసింది. నూరియా తలాక్ కాగితం అడిగి తెప్పించుకుంది. అతన్ని ఒక్క మాట అనలేదు.

ఒకరోజు దుప్పట్లు మడుస్తూ ఆమే చెప్పింది.

“ఆఫీసులూ బడీ మానేశా బాబాయ్. ఆశ్రమం కూడా. ఇదొక్కటి చాలు.”

“అదేంటమ్మా?”

“ఒక్క కడుపే కదా.”

సంవత్సరం పైనే మోస్తున్నది ఇక మోయలేకపోయాను.

“నూరియా, ఆ రోజు సయీదాకి నేనే స్నానం చేయించొచ్చమ్మా. ఇమాము చెప్పాడు, అనుమతి ఉందని. పక్కన నిలబడతానని కూడా అన్నాడు.”

ఆమె చేతులు ఆగిపోయాయి. మా ఇద్దరి మధ్య దుప్పటి బిగుసుకుని ఉంది.

“ఎప్పుడు చెప్పాడు?”

“నీకు ఫోన్ చేయకముందే.”

“మరి?”

“భయమేసింది.”

నా ముఖంలోకి చూడలేదు. దుప్పటి అంచునే చూస్తూ ఉంది. వెనక యంత్రాలు తిరుగుతున్నాయి. బెరిల్ ఎవరినో కేకేస్తోంది.

“అప్పుడే చెప్పాల్సింది బాబాయ్” అంది చివరికి. “చెప్పినా వచ్చేదాన్నేమో. పిన్ని కదా. లేకపోతే బస్సెక్కేదాన్నేమో. ఏం చేసేదాన్నో ఇప్పుడు నాకు ఎప్పటికీ తెలీదు.”

నేను నా వైపు కొసలు అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఆమె దగ్గరికొచ్చి నా చేతిలోని కొసలు తీసుకుంది. దుప్పటిని ఒక్కతే గుండెకి ఆనించుకుని మడిచి, దొంతర మీద పెట్టింది. బండిలోంచి ఇంకో దుప్పటి తీసి, దాని రెండు కొసలూ తనే వెతుక్కుంది.