గోదారే కదపలేని డబ్బా

భద్రాచలంలో గోదావరి వంతెన దిగగానే, కరకట్ట కింద నాదొక ఇనుప డబ్బా కొట్టు. గొడుగులు, తాళాలు, స్టవ్‌లు బాగుచేస్తాను. వరదకు కొట్టుకుపోకూడదని దాని నాలుగు కాళ్లనూ సిమెంటులో పాతించాను. గోదావరి రెండుసార్లు నిలువునా ముంచినా అంగుళం జరగలేదు. ఆ గొప్ప వచ్చినవాడికల్లా చెప్పుకునేవాణ్ని. చివరికి అదే నా కొంప ముంచింది.

ఆ మధ్య ఒక ఉదయం భూమి వణికింది. మేకులకు వేలాడే తాళాలు గలగలలాడాయి, అంతే. తర్వాత కొన్నాళ్లకు, పాతబడిన వంతెన భూకంపానికి తట్టుకునేలా మరమ్మతులు మొదలయ్యాయి. పనిలో పనిగా ఒడ్డునంతా బాగుచేసి మెట్లు, నడకదారి కడతామన్నారు. పని చూసే ఇంజినీరు ఒకరోజు గొడుగు బాగుచేయించుకోవడానికి వచ్చాడు. స్తంభాల మీద కొత్త రబ్బరు దిమ్మెలు పెడుతున్నామని, భూమి ఊగితే వంతెన కూడా కాస్త కదలాలని చెప్పాడు.

"వంతెన కదులుడేంది సార్? కదలకుంట చెయ్యున్రి గని!" అని నవ్వాను.

"కదలకపోతే విరిగిపోతుందయ్యా," అన్నాడు. నాకేం తలకెక్కలేదు.

వారం తర్వాత ఒడ్డున ఉన్న దుకాణాల వివరాలు రాసుకోవడానికి గుమస్తా వచ్చాడు. "డబ్బా కదుల్తదా?" అని ఒకటే మాట అడిగాడు. అవునంటే ఇక్కణ్నుంచి తీసెయ్యమంటాడని నా భయం. పైగా నా నోరు ఊరుకోదు.

"గోదారే కదపలేకపోయింది, నువ్వేం కదుపుతవన్నా?" అన్నాను. అదే రాసుకుని పోయాడు.

చోటు దొరికిన దుకాణాల జాబితా అతికించినప్పుడు తెలిసింది, కొత్త ఒడ్డు మీద చోటు చక్రాలున్న బండ్లకేనట. పాతుకున్నవన్నీ తీసేస్తారట. పక్కనున్న మిర్చి బజ్జీల బండికి చోటొచ్చింది, నాకు రాలేదు. ఇరవై ఏళ్లుగా ఇల్లు గడిచేది ఈ డబ్బా మీదే.

మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. మా ఆవిడకు నిజంగా కోపమొస్తే మాత్రం తెలుగులోకి దిగుతుంది. ఆ రోజు దిగింది.

"నోరా, వీపుకు తేకే అంటరు. నీ నోరు వీపుకు గాదు, కడుపుకే తెచ్చింది. జల్దీ పొయ్యి అడుగు!"

పోయాను. గుమస్తా మంచివాడే. "నువ్ జెప్పిందే రాసిన గదా. రేపు పొద్దుగాల దాక టైముంది. చక్రాలుంటే మారుస్త," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే గ్రైండరు కిరాయికి తెచ్చి డబ్బా కాళ్లు కోశాను. అబద్ధమెందుకు, కోస్తూ ఏడ్చాను. మా ఆవిడ ఒక పక్క పట్టుకుంది. అడవి పల్లె నుంచి గొడుగుల కోసం వచ్చిన ఇద్దరు కోయవాళ్లు రెండో పక్క భుజం పెట్టారు. సాయంత్రానికి పాత ఆటో చక్రాలు వెల్డింగ్ చేయించాను.

తెల్లారి గుమస్తా వచ్చి ఒంటిచేత్తో తోశాడు. డబ్బా కదిలింది. రాసుకుంటూ అడిగాడు.

"పెద్దసార్లు ఎప్పుడు పొమ్మంటే అప్పుడు జరగాలె. మల్ల నాతోని కొట్లాడొద్దు. పోతవా?"

పక్క బండ్లవాళ్లంతా చూస్తున్నారు.

"పోత సార్," అన్నాను. "ఎటు తోస్తే అటు పోత."